ఊరంతా ఎల్ఈడీ వీధి దీపాలు: స్తంభాల లెక్క నుంచి వారంటీ చివరి నెల దాకా

పాత సోడియం దీపం విప్పి ఎల్ఈడీ ఫిట్టింగ్ బిగించడం అరగంట పని. అదే పని పది వేల స్తంభాల మీద చేయాల్సి వస్తే ఆ బిగింపు అన్నిటికంటే చిన్న భాగం అయిపోతుంది. దానికి ముందు నెలల తరబడి లెక్కలుంటాయి, తర్వాత ఏళ్ల తరబడి నిర్వహణ ఉంటుంది. చాలా నగరాలు చేసే పొరపాటు ఏమిటంటే ముందే ఫిట్టింగ్ ఏది కొనాలో తేల్చేసుకుని, రోడ్డు సంగతీ వైరు సంగతీ తర్వాత ఆలోచించడం. ఇది మున్సిపల్ ఇంజినీర్లకూ, కాంట్రాక్టర్ తరఫున పని చూసే సూపర్‌వైజర్లకూ, "మా వీధిలో వేసిన లైట్లు ఇలా ఎందుకున్నాయి" అని అడగదలచుకున్న కాలనీవాసులకూ పనికొచ్చేలా, ఏ పని తర్వాత ఏ పనో వరసగా రాస్తున్నాను.

మొదటి పని: స్తంభాలు లెక్కపెట్టడం

ఇందులో గొప్పేముంది అనిపిస్తుంది. కరెంటు బిల్లులో ఉన్న సంఖ్య ఒకటి, స్టోరు రిజిస్టర్‌లో ఉన్నది ఇంకొకటి, వీధిలో నిజంగా నిలబడి ఉన్నవి మరొకటి. ఈ మూడూ కలిసిన నగరాన్ని నేనింకా చూడలేదు. మీటరు లేని కనెక్షన్లకు దీపాల సంఖ్యను బట్టే బిల్లు వేస్తారు కాబట్టి, ఎప్పుడో తీసేసిన స్తంభాలకు కూడా ఏళ్ల తరబడి డబ్బు కడుతూ ఉండొచ్చు. ఈ లెక్క తప్పితే ఆదిలోనే హంసపాదు, ఆ తర్వాత వేసే ప్రతి అంచనా తప్పుతుంది.

ప్రతి స్తంభానికీ ఒక నంబరు ఇచ్చి, ఫోన్‌లో లొకేషన్‌తో పాటు ఇవన్నీ రాసుకోండి: స్తంభం ఎత్తు, పైన దీపాన్ని పట్టి ఉంచే చేయి పొడవు, ఆ చేయి ఎంత పైకి వంగి ఉంది, రోడ్డు వెడల్పు, పక్క స్తంభానికి దూరం, దీపాలు రోడ్డుకు ఒక వైపేనా రెండు వైపులా లేక డివైడర్ మీదా, ఇప్పుడున్న దీపం రకం, వాట్లు, అది ఏ ఫీడర్ (ఒక ప్యానెల్ నుంచి ఒక వరస దీపాలకు కరెంటు పంపే లైను) మీద ఏ ఫేజ్‌లో ఉంది, కొమ్మలు అడ్డం వస్తున్నాయా. స్తంభం అడుగున నేలకు ఆనుకునే చోట తుప్పు చూడటం మర్చిపోవద్దు. పైన కొత్త లైటు పెట్టిన ఆరు నెలలకు కింద స్తంభమే ఒరిగిపోతే ఆ లైటు ఎంత మంచిదైతే ఏం లాభం?

సర్వే పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చేయాలి. పగలు కొలతలు వస్తాయి. నిజంగా వెలుగుతున్నవెన్నో రాత్రి తిరిగితేనే తెలుస్తుంది, తర్వాతి లెక్కకు ఆధారం అదే.

ఆదా ఎంత? ఇక్కడే మాయ జరుగుతుంది

250 వాట్ల సోడియం దీపం తినేది 250 వాట్లు కాదు. చోక్ నష్టం కలిపితే సుమారు 280. దాని స్థానంలో 120 వాట్ల ఎల్ఈడీ పెడుతున్నామనుకుందాం, తేడా 160 వాట్లు. దీపాలు ఏడాదికి దాదాపు 4,100 గంటలు వెలుగుతాయి, అంటే ఒక్కో దీపానికి 656 యూనిట్లు, పది వేల దీపాలకు 65.6 లక్షల యూనిట్ల ఆదా. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

కానీ రాత్రి సర్వేలో పాత దీపాల్లో 12 శాతం వెలగడం లేదని తేలిందనుకోండి. అప్పుడు పాత వాడకం 8,800 దీపాలదే, అంటే సుమారు 101 లక్షల యూనిట్లు. కొత్తవి అన్నీ వెలుగుతాయి కాబట్టి వాటికి 49 లక్షలు. నిజమైన ఆదా 52 లక్షలు, మొదట చెప్పినదాంట్లో ఐదో వంతు ఎగిరిపోయింది. ఆదా అయిన కరెంటులోంచే కాంట్రాక్టర్‌కు వాయిదాలు కట్టే ఒప్పందం చేసుకుని ఉంటే, ఆ లేని ఐదో వంతును ఊరే తన జేబులోంచి కట్టాలి. అందుకే పని మొదలయ్యే ముందే కొన్ని ఫీడర్లకు మీటర్లు పెట్టి కనీసం నెల రోజులు రీడింగ్ తీసి రెండు పక్షాలూ సంతకం చేసుకోవాలి. "అంచనా" అనే మాట ఒప్పందంలో కనిపిస్తే నాకైతే టెన్షన్ మొదలవుతుంది.

ఆదా ఉండదని కాదు సుమా. లాస్ ఏంజెలెస్ 2009లో మొదలుపెట్టి నాలుగేళ్లలో సుమారు 1,40,000 దీపాలు మార్చితే ఆ దీపాలకయ్యే విద్యుత్తు 60 శాతానికి పైగా తగ్గింది. ఆదా నిజమే, దాన్ని నిజమైన లెక్క మీద చూపించాలి, అంతే.

వాట్లు పక్కన పెట్టి రోడ్డును చూడండి

"250కి బదులు ఎన్ని వాట్లు వేయాలి?" అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది, తప్పు ప్రశ్న కూడా ఇదే. 250 వాట్ల సోడియం దీపం దాదాపు 27,000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది, కానీ అది నాలుగు దిక్కులా చిమ్ముతుంది, ఫిట్టింగ్ లోపలి అద్దం తిప్పి కిందకు పంపేలోపు మూడో వంతు దాకా పోతుంది. మిగిలినదాంట్లోనూ ఎక్కువ భాగం స్తంభం కింద గుండ్రంగా పడుతుంది. దీపం కింద చీకటి అంటారుగానీ వీధి దీపాలకు చీకటి రెండు దీపాల మధ్య ఉంటుంది. ఎల్ఈడీలో ప్రతి చిప్ మీదా చిన్న లెన్స్ ఉండి వెలుగును రోడ్డు పొడవునా సాగదీస్తుంది, అందుకే 15,000 ల్యూమెన్లతోనే అదే రోడ్డు ఇంకా సమంగా కనిపిస్తుంది. అదే లెన్స్ తప్పు రకమైతే 20,000 ల్యూమెన్లు పోసినా ఫుట్‌పాత్ చీకట్లోనే ఉంటుంది.

కాబట్టి ముందు రోడ్లను తరగతులుగా విడదీయండి: వేగంగా బండ్లు పోయే ప్రధాన రహదారులు, మధ్యస్థ రోడ్లు, ఇళ్ల వీధులు, కూడళ్లు, పాదచారులు దాటే చోట్లు. ఒక్కో తరగతికీ ఎంత వెలుతురు ఉండాలో మీ దేశ ప్రమాణాల్లో ఉంటుంది, అంతర్జాతీయంగా సీఐఈ అనే దీపకాంతి సంస్థ ఇచ్చిన 115 లాంటి పత్రాలున్నాయి. సగటు వెలుతురు ఒక్కటే చూడకండి. అతి తక్కువ వెలుతురును సగటుతో భాగిస్తే వచ్చే సమతూకపు అంకె చాలా ముఖ్యం, ప్రధాన రోడ్లకు అది 0.4కి తగ్గకూడదని సాధారణంగా అడుగుతారు. కంటికి కొట్టే మిరుమిట్లకూ విడిగా ఒక హద్దు ఉంటుంది.

తర్వాత డయలక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో (ఉచితంగానే దొరుకుతుంది) మీ రోడ్డు వెడల్పు, స్తంభం ఎత్తు, దూరం ఇచ్చి, తయారీదారు ఇచ్చిన ఐఈఎస్ ఫైలుతో (ఆ ఫిట్టింగ్ వెలుగు ఏ దిక్కుకు ఎంత పోతుందో అందులో ఉంటుంది) నమూనా నడపండి. దుమ్ము పట్టడం, వయసుతో వెలుగు తగ్గడం కోసం నిర్వహణ గుణకం 0.8 చుట్టుపక్కల పెట్టండి. ఎవరైనా 1.0 పెట్టి డిజైన్ తెచ్చారంటే మొదటి రోజు ఫొటోలు తీసుకోవడానికి బాగుంటుంది, మూడో ఏడాదికి పనికిరాదు. స్తంభాల మధ్య దూరం ఎత్తుకు నాలుగు రెట్లు బాగా దాటిపోయి ఉంటే లెన్స్ కాపాడటం కష్టం, అక్కడ మధ్యలో కొత్త స్తంభం వేయాల్సి రావచ్చు. ఆ మాట బడ్జెట్ వేసేటప్పుడే చెప్పాలి.

రంగు విషయంలో ఒకసారి పప్పులో కాలేస్తే పదేళ్లు చూస్తూ కూర్చోవాలి

తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. పూత పలచగా ఉంటే నీలం ఎక్కువ బయటకొచ్చి వెలుగు చల్లగా, ఆసుపత్రి వార్డులా కనిపిస్తుంది, అదే 5,700 లేదా 6,500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత). పూత మందంగా ఉంటే వెచ్చటి 3,000 లేదా 2,700 కెల్విన్. చల్లటి తెలుపు కాస్త ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుందన్న మాట నిజమే, ఒకప్పుడు ఆ తేడా పెద్దది, ఇప్పుడు చాలా తగ్గిపోయింది. నీలపు కాంతి గాలిలో ఎక్కువగా చెదురుతుంది, ఆకాశం తెల్లబడుతుంది, వయసు పైబడిన కళ్లకు మిరుమిట్లు ఎక్కువవుతాయి.

2014లో కాలిఫోర్నియాలోని డేవిస్ నగరంలో కొత్తగా వేసిన తెల్ల లైట్లు కళ్లలో పొడుస్తున్నాయని జనం గోల చేస్తే, ఇళ్ల వీధుల్లో వాటిని మళ్లీ తీసి 2,700 కెల్విన్‌వి వేయాల్సి వచ్చింది. అంటే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా 3,000 కెల్విన్‌కు మించని దీపాలే వాడమని సలహా ఇచ్చింది. నా మాట అడిగితే ఇళ్ల వీధులకు 3,000 లేదా అంతకన్నా తక్కువ, పెద్ద రోడ్లకు మరీ కావాలంటే 4,000, అంతకు మించి ఎక్కడా వద్దు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు, అడవి అంచులు, ఖగోళ పరిశోధనశాలల చుట్టుపక్కల అయితే కాషాయ రంగు దీపాలే సరి.

ఫిట్టింగ్ స్పెసిఫికేషన్: ఏ కాగితం అడగాలి, ఎందుకు

"1,00,000 గంటల జీవితం" అని బ్రోచర్ మీద ఉంటుంది. ఏడాదికి 4,100 గంటల చొప్పున 24 ఏళ్లు! ఎల్‌ఎం-80 అనే పరీక్షలో చిప్‌లను కనీసం 6,000 గంటలు వెలిగించి కాంతి ఎంత తగ్గిందో కొలుస్తారు. టీఎం-21 అనే పద్ధతి ఆ ఫలితాన్ని ముందుకు లెక్కగడుతుంది, కానీ సరిపడా నమూనాలున్నా పరీక్షించిన కాలానికి ఆరు రెట్లకు మించి చెప్పుకోనివ్వదు. అంటే 6,000 గంటల పరీక్షతో గట్టిగా చెప్పగలిగేది 36,000 గంటలు, సుమారు 9 ఏళ్లు. లక్ష గంటలంటే దాదాపు 17,000 గంటల పరీక్ష రిపోర్టు చూపించమనండి. పూర్తి ఫిట్టింగ్ ఎంత వెలుగు ఇస్తుంది, ఎన్ని వాట్లు తింటుంది అన్నదానికి ఎల్‌ఎం-79 రిపోర్టు వేరే ఉంటుంది, అది మీరు కొనే మోడల్‌దే అయి ఉండాలి, "అదే సిరీస్‌లోది" అంటే ఒప్పుకోకండి.

ఇంతా చేసి ఇవన్నీ చిప్ సంగతులే. వీధిలో ముందు పోయేది చిప్ కాదు, డ్రైవర్, అంటే చిప్‌లకు తగిన కరెంటు అందించే పెట్టె. దాని లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది, స్థూలంగా 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. అందుకని ఎండాకాలపు రాత్రి ఉష్ణోగ్రతలో డ్రైవర్ మీద వేడి కొలవడానికి గుర్తుపెట్టిన చోటు, అంటే టీసీ బిందువు దగ్గర వేడి ఎంతుందో కొలిచిన రిపోర్టు అడగండి. డ్రైవర్ గది చిప్‌ల గది నుంచి విడిగా ఉండాలి, పనిముట్లు పెద్దగా లేకుండానే తెరిచి మార్చేలా ఉండాలి. మొత్తం అంటించేసి మూసిన ఫిట్టింగ్ చవగ్గా దొరుకుతుంది, చిన్న డ్రైవర్ పోయినా మొత్తం పారేయాల్సి వస్తుంది.

పిడుగుల సీజన్‌లో కాపాడేది సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేది), కనీసం 10 కిలోవోల్టుల, 10 కిలోఆంపియర్లది విడిగా ఉండాలి. దాన్ని సిరీస్‌లో కలిపితే అది చచ్చిపోయినప్పుడు దీపం ఆరిపోతుంది, మనకు తెలుస్తుంది. పక్కన సమాంతరంగా కలిపితే అది పోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది, తర్వాతి పిడుగుకు డ్రైవర్ పోతుంది. నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను: నీరు, దుమ్ము చొరబడకుండా ఐపీ66, దెబ్బలకు ఐకే08, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.9కి పైన, పైకి పోయే వెలుతురు సున్నా, చేయి కోణం సరిచేసుకునే వీలున్న బిగింపు. 2020 తర్వాత అమెరికాలో చాలా ఊళ్లలో వీధి దీపాలు ఊదా రంగులోకి మారిపోయాయి, కారణం చిప్ మీది ఫాస్ఫర్ పూత ఊడి నీలం బయటపడటమే. కాబట్టి వారంటీలో "వెలగకపోతే" అని మాత్రమే కాకుండా "రంగు మారితే" అని కూడా రాయించుకోండి.

ఒక హెచ్చరిక. పాత సోడియం ఫిట్టింగ్ ఉంచేసి అందులో మొక్కజొన్న పొత్తులా ఉండే ఎల్ఈడీ బల్బు బిగించమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. గాలి ఆడని డబ్బాలో దాని వేడి బయటకు పోదు, పాత అద్దం దాని ఆకారానికి చేసింది కాదు. చవకే, ఏడాది తిరిగేలోపు మళ్లీ లిఫ్ట్ బండి ఎక్కాలి.

వైర్లు: ఎవరూ చూడని చోటే అసలు ప్రమాదం

పాత సోడియం దీపం మొద్దు వస్తువు, చోక్ ఇనుమూ రాగీ, ఎన్ని దెబ్బలైనా తింటుంది. ఎల్ఈడీ డ్రైవర్ అలా కాదు, అది ఎలక్ట్రానిక్ పరికరం. అదే పాత కేబుల్ మీద దాన్ని వేలాడదీస్తే పాత లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

అన్నిటికన్నా ఘోరమైనది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగడం. మూడు ఫేజ్‌ల ఫీడర్‌లో న్యూట్రల్ జాయింట్ వదులై ఊడిపోతే, తక్కువ దీపాలున్న ఫేజ్ మీద వోల్టేజీ 230 నుంచి 350, 400 దాకా ఎగబాకుతుంది. ఒక్క సాయంత్రంలో ఆ ఫేజ్ మీదున్న డ్రైవర్లన్నీ పోవచ్చు, అప్పుడు కాంట్రాక్టర్ "మీ వైరింగ్ తప్పు" అంటాడు, మీరు "నీ డ్రైవర్ నాసిరకం" అంటారు, వీధి మాత్రం చీకట్లో ఉంటుంది. కాబట్టి బిగింపు మొదలయ్యే ముందే ప్రతి ఫీడర్‌లో న్యూట్రల్ జాయింట్లు విప్పి, శుభ్రం చేసి, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు తొడుగులు) మార్చి, గట్టిగా బిగించాలి. డ్రైవర్ 440 వోల్టులు కొన్ని గంటలైనా తట్టుకోవాలని స్పెసిఫికేషన్‌లో రాయండి. దీపాలను మూడు ఫేజ్‌ల మీదా సమంగా పంచండి. డ్రైవర్లు పుట్టించే మూడో హార్మోనిక్ కరెంటు (మామూలు సరఫరాకు మూడు రెట్ల వేగంతో ఊగేది) న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోదు, పైగా కలిసిపోతుంది, అందుకే న్యూట్రల్‌ను ఫేజ్ వైరు కన్నా సన్నగా వేసిన పాత కేబుళ్లను అనుమానంగానే చూడాలి.

రెండోది, స్విచ్ వేసిన క్షణం. ప్రతి డ్రైవర్ మొదటి కొన్ని వందల మైక్రోసెకన్లలో మామూలు కరెంటుకు ఎన్నో పదుల రెట్లు లాగుతుంది. సర్క్యూట్ మీద లోడ్ సగానికి తగ్గిందికదా అని చిన్న ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనే పడిపోయే స్విచ్) పెడితే సాయంత్రం ఆన్ చేయగానే అది పడిపోతుంది, దీపాల వరసంతా ఆన్ చేసే కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోతాయి. ఒక్కో ఎంసీబీ మీద ఎన్ని డ్రైవర్లు ఉండొచ్చో డ్రైవర్ డేటా షీట్‌లోనే పట్టిక ఉంటుంది, దాన్ని నమ్మండి.

మూడోది చాలామంది మర్చిపోయేది. సోడియం దీపాల కోసం ప్యానెల్‌లో పెట్టిన పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లను తీసేయాలి, లేకపోతే దిద్దుబాటు అతిగా అయి పవర్ ఫ్యాక్టర్ అవతలి (లీడింగ్) వైపుకు పోయి చెడుతుంది. అర్ధరాత్రి వోల్టేజీ తగ్గించి కరెంటు ఆదా చేసే పాత ప్యానెళ్లనూ పక్కకు తప్పించాలి. ఎల్ఈడీ డ్రైవర్‌కు వోల్టేజీ తగ్గిస్తే అది అన్నే వాట్లు తీసుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆదా మాట దేవుడెరుగు, కేబుల్ వేడెక్కుతుంది.

స్తంభం లోపల కింది నుంచి పైదాకా పోయే సన్నని వైరు ఇన్సులేషన్ పాత చోక్ వేడికి పెళుసుబారి ఉంటుంది. వేలితో వంచితే పొడిపొడిగా రాలితే మార్చేయండి. ప్రతి స్తంభానికీ ఎర్త్ కొలవండి. సర్జ్ ప్రొటెక్టర్‌కు దారి అదే, ఎర్త్ లేకపోతే అది అలంకారమే.

ఎప్పుడు వెలగాలి, ఎప్పుడు తగ్గాలి

మూడు దారులున్నాయి. ఒకటి, ఒక్కో దీపానికీ ఫొటోసెల్ (చీకటి పడితే తనే దీపం వెలిగించేది): సులువు, కానీ కొన్నేళ్లకు రిలే అతుక్కుపోయి పగలు కూడా వెలుగుతాయి. రెండు, ఫీడర్ ప్యానెల్‌కు సూర్యోదయ సూర్యాస్తమయాలను లెక్కగట్టే టైమరూ మీటరూ సిమ్ కార్డూ పెట్టి దూరం నుంచి చూడటం. మూడు, ప్రతి ఫిట్టింగ్ మీదా కంట్రోలర్ పెట్టడం. మూడోది అద్భుతంగా ఉంటుంది, ఏ దీపం పోయిందో అదే చెబుతుంది, కానీ పది వేల కంట్రోలర్లంటే చెడిపోయే వస్తువులు ఇంకో పది వేలు చేరినట్టే. నా సలహా: ఊరంతటికీ రెండోది, ప్రధాన రహదారులకు మూడోది. ఇప్పుడు కంట్రోలర్ పెట్టకపోయినా దాన్ని తర్వాత తగిలించేందుకు ఫిట్టింగ్ మీద ఏడు పిన్నుల సాకెట్ లేదా జాగా (Zhaga) బుక్ 18 అనే ప్రమాణపు సాకెట్ మాత్రం పెట్టించండి, దానికయ్యే అదనపు ఖర్చు తక్కువ, తర్వాత పెట్టాలంటే ప్రతి స్తంభం మళ్లీ ఎక్కాలి. సాఫ్ట్‌వేర్‌లో చేరే సమాచారం ఎవరిదో, కంపెనీ మూతపడితే ఎవరి చేతికి వస్తుందో కూడా ముందే రాసుకోవాలి.

అర్ధరాత్రి తర్వాత వెలుతురు తగ్గించడం ఎల్ఈడీ ఇచ్చిన పెద్ద వరం. అరిజోనాలోని టక్సన్ నగరం ముందు రాత్రి 90 శాతం, అర్ధరాత్రి నుంచి 60 శాతం నడిపింది. నెమ్మదిగా కొన్ని నిమిషాల్లో తగ్గిస్తే కంటికి తెలియదు. కూడళ్లు, రోడ్డు దాటే చోట్లు, ఆసుపత్రి ముందు మాత్రం తగ్గించకండి.

నమూనా వీధులు

టెండర్‌కు ముందు మూడు నాలుగు వేర్వేరు రకాల రోడ్లు తీసుకుని, ఒక్కోదాంట్లో ఆరేడు స్తంభాలకు వేర్వేరు ఫిట్టింగులు బిగించండి. నెల రోజులు ఉంచండి, వానకు తడిసిన రోడ్డు మీద కూడా చూడండి, అప్పుడే మిరుమిట్లు బయటపడతాయి. ఇంజినీర్లతో పాటు ఆ వీధిలో ఉండే పెద్దవాళ్లను, బండి నడిపేవాళ్లను, రాత్రి షిఫ్ట్ నుంచి నడిచివచ్చే ఆడవాళ్లను అడగండి. ఒకసారి ఒక వృద్ధుడు "వెలుతురు బాగుంది నాయనా, మెట్టు మాత్రం కనపడటం లేదు" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే, ఎదుటి మిరుమిట్లకు కాలి కింద అంచు మాయమైపోతోంది. వెలుతురు కొలిచే ఏ లక్స్ మీటరూ ఆ మాట చెప్పలేదు.

టెండరూ డబ్బు చెల్లింపూ

తక్కువ ధరకే ఇవ్వాలన్న నిబంధన ఉంటే, ధరలో ఫిట్టింగ్ వెల ఒక్కటే కాకుండా వారంటీ కాలమంతా తినే కరెంటునూ మార్చే ఖర్చునూ కలిపి పోల్చేలా రాయండి. గెలిచిన మోడల్ నమూనాలు రెండు సీల్ వేసి దగ్గర పెట్టుకోండి. సరుకు వచ్చినప్పుడు మీరే యాదృచ్ఛికంగా కొన్ని డబ్బాలు ఏరి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి, ఒకటి రెండు విప్పి లోపలి చిప్, డ్రైవర్ సీల్ చేసిన నమూనాలోవేనా చూడండి. మొదటి లాట్ బంగారంలా ఉండి నాలుగో లాట్‌లో డ్రైవర్ మారిపోవడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

నిర్వహణ కూడా కాంట్రాక్టర్‌దే అయితే డబ్బును వెలిగిన దీపాల శాతానికి ముడిపెట్టండి, ఉదాహరణకు 98 శాతం దాటితే పూర్తి మొత్తం, తగ్గిన కొద్దీ కోత. ఫిర్యాదు వచ్చాక 48 గంటల్లో బాగు చేయాలి. వారంటీలో లిఫ్ట్ బండి, కూలీ ఖర్చు ఎవరిదో స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఉచితంగా వచ్చిన డ్రైవర్‌ను బిగించడానికి డ్రైవర్ వెల కన్నా ఎక్కువ అవుతుంది.

బిగింపు రోజులు

ఫీడర్ తర్వాత ఫీడర్ పూర్తి చేసుకుంటూ పోండి. పలుకుబడి ఉన్నవాళ్ల వీధి ముందు, మిగతావి తర్వాత అని అక్కడో పది ఇక్కడో పది వేస్తే పాత కొత్త దీపాలు ఒకే ఫీడర్ మీద కలిసి, కెపాసిటరూ ఉంచలేం టైమరూ మార్చలేం. అలంకార స్తంభాలూ పార్కులూ చివరికి ఉంచుకోండి.

సరఫరా ఆపి తాళం వేసి, పైకెక్కాక టెస్టర్‌తో చూసి అప్పుడే చేయి పెట్టాలి. పక్క ఫీడర్ నుంచో, ఎవరి జనరేటర్ నుంచో వెనక్కి కరెంటు వచ్చి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు. కొమ్మలు ముందే కొట్టించండి, ఎల్ఈడీ వెలుగు కచ్చితంగా ఒక దిక్కుకే పోతుంది కాబట్టి ఒక కొమ్మ అడ్డొస్తే కింద పెద్ద నీడ పడుతుంది. పాత చేతులు తరచుగా 15 డిగ్రీల దాకా పైకి వంగి ఉంటాయి, ఆ వంపు మీదే కొత్తది బిగిస్తే ఎదుటి ఇంటి పడకగదిలోకి నేరుగా కొడుతుంది. ఫిట్టింగ్‌ను నేలకు సమాంతరంగా సరిచేయండి, మహా అయితే 5 డిగ్రీలు. బిగించిన వెంటనే స్తంభం నంబరు, ఫిట్టింగ్ సీరియల్ నంబరు, ఫొటో, తేదీ ఒకేచోట ఎక్కించాలి. సాయంత్రం ఆఫీసుకెళ్లి రాద్దామంటే సగం తప్పులే వస్తాయి.

దింపిన పాత దీపాల్లో పాదరసం ఉంటుంది, సోడియం దీపాల్లో కూడా. పగలగొట్టకుండా డబ్బాల్లో పెట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత సంస్థకే ఇవ్వాలి. చోక్‌లలో రాగి ఉంటుంది, దానికి కాళ్లు కూడా ఉంటాయి. ఎన్ని దింపారో అన్ని స్టోరుకు చేరాయో లేదో ఏ రోజుకారోజు లెక్క చూడండి.

వెలిగాక: కొలతలూ ఫిర్యాదులూ

ప్రతి రోడ్డు తరగతిలో కొన్ని చోట్ల, రెండు స్తంభాల మధ్య దూరాన్ని పది భాగాలు చేసి ఒక్కో లేన్‌లో మూడు వరసల్లో లక్స్ మీటర్‌తో కొలిచి డిజైన్‌తో పోల్చండి. దుకాణాల లైట్లు ఆరిపోయాక, వెన్నెల లేని రాత్రి చేయాలి. కొలిచిన చోట్లు కాస్త పెయింట్‌తో గుర్తుపెట్టుకోండి.

మొదటి రెండు మూడు వారాలు "ముందుకన్నా చీకటిగా ఉంది" అని ఫోన్లు వస్తాయి. పాత దీపం ఇంటి గోడల మీద, ప్రహరీ లోపల కూడా వెలుగు పోసేది, కొత్తది రోడ్డు మీదే పోస్తుంది. ఇంటాయన తన వాకిలి చూసి చీకటంటాడు, రోడ్డు మీద కొలిస్తే రెట్టింపు ఉంటుంది. వాదించకండి, మీటర్ తీసుకెళ్లి ఆయన చేతికే ఇచ్చి చూపించండి. నిజంగా కిటికీలోకి కొడుతుంటే వెనక వైపు షీల్డ్ బిగించాలి, అందుకని షీల్డ్‌లు మొదటి ఆర్డర్‌లోనే కొన్ని తెప్పించుకోండి. ఫిట్టింగులూ డ్రైవర్లూ సర్జ్ ప్రొటెక్టర్లూ కూడా మొత్తంలో 2, 3 శాతం స్టోరులో ఉండాలి, అయిదేళ్ల తర్వాత ఆ మోడల్ మార్కెట్‌లో దొరక్కపోవచ్చు.

నెలకోసారి పగలు ఒక రౌండ్ తిరిగి పట్టపగలు వెలుగుతున్నవాటిని పట్టుకోండి. ఏ ఫీడర్‌లో ఎక్కువ డ్రైవర్లు పోతున్నాయో పటం మీద చుక్కలు పెడితే, చుక్కలు గుంపుగా ఉన్నచోట తప్పు సాధారణంగా ఫిట్టింగ్‌ది కాదు, న్యూట్రల్‌దో ఎర్త్‌దో అయి ఉంటుంది. ఊరంతా చెదురుమదురుగా ఒకే లాట్ నంబరువి పోతుంటే తయారీ లోపం, వారంటీ ఉత్తరం అదే రోజు రాయండి. గాజు మీద దుమ్మును రెండేళ్లకోసారైనా తుడిపించండి. పెయింట్ గుర్తులున్న అవే చోట్ల ఏడాదికోసారి మళ్లీ కొలవండి. వారంటీ ముగియడానికి ఆరు నెలల ముందు చివరిసారి కొలిచి, వెలుగు హద్దు కన్నా తగ్గినవాటి జాబితా, రంగు మారినవాటి జాబితా, సీరియల్ నంబర్లతో సహా కాంట్రాక్టర్‌కు పంపి రసీదు తీసుకోండి. ఉత్తరాలకు జవాబులు, సంయుక్త తనిఖీలు, సరుకు రావడం, ఇవన్నీ అయ్యేసరికి ఆ ఆరు నెలలూ ఇట్టే అయిపోతాయి.